ఆరు కిటికీల గదిలో ఆరోగ్య సినిమా

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. నా దగ్గర ఏడు పేజీల తెలుగు వ్యాఖ్యానం ఒకటి ఉండేది. ప్రతి పేజీ కింద మా ఆఫీసరుగారి సంతకం. ఆయనకు తెలుగు చదవడం రాదు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నుంచి ఆ పేజీల్లో ఉన్నది సినిమా కథ కాదు. తెర మీద ఒకటి నడిచేది, మైకులో నేను మరొకటి చెప్పేదాన్ని. ఆయన రిటైరైన రోజున నా వ్యాఖ్యానాన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. చివరి వరుసలో కూర్చుని తల వంచుకుని విన్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. ఆరోగ్య ప్రచారంలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు కొందరు, ఈ పని నిజంగా ఎలా ఉంటుందో రాసిపెట్టమని అడిగారు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అక్కర్లేదు. పనికొచ్చేవి నా తప్పులు. అందులోనూ ఒకటి.

చీకట్లో దొరికిన గొంతు

మాది తమిళ రాష్ట్రంలో, కే.వి.కుప్పం పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. మా తాత ఒక్కడికి వచ్చేది, నాకు నేర్పి పోయాడు. అందుకే నా డైరీ తెలుగులో రాసుకునేదాన్ని. మంచం మీద తెరిచి పెట్టి పోయినా భయం లేదు. తాత వదిలిపోయిన పుస్తకాల పెట్టె నా మంచం కిందే ఉండేది. నేను ఏం చదువుతున్నానో ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నలుగురిలో నోరు తెరవలేని మనిషిని. సత్తువాచారిలోని మా ఆరోగ్య ప్రచార ఆఫీసులో ఇంటర్వ్యూకి పోయినప్పుడు నా పేరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అయినా తీసుకున్నారు, ఎందుకంటే రెండు భాషలూ రాయడం వచ్చినవాళ్ళు ఇంకెవరూ రాలేదు. బళ్ళలో చూపించడానికి మా దగ్గరున్న సినిమాలన్నీ తమిళంలో ఉండేవి. అదీ పుస్తకాల తమిళం. గుడియాత్తం దాటి పరదరామి వైపు పోతే బళ్ళలో సగం పిల్లలు తెలుగువాళ్ళు. వాళ్ళకోసం సినిమా సౌండు తగ్గించి, మైకులో తెలుగులో చెప్పడం నా పని.

మా వ్యాన్లో ముగ్గురం. ఆఫీసరుగారు, ప్రొజెక్టరు నడిపే కన్నన్ అన్న, నేను. పిల్లలు నన్ను బొమ్మక్క అనేవాళ్ళు. మా వైపు సినిమాను బొమ్మ అంటారు. కిటికీలు మూసి గది చీకటి చేసి, ప్రొజెక్టరు వెనక నిలబెట్టి మైకు చేతికిస్తే, పగలు పేరు చెప్పలేని నేను గడగడా మాట్లాడేదాన్ని. మొదటిసారి నాకే ఆశ్చర్యం. నా ముఖం ఎవరికీ కనపడకపోవడం వల్ల వచ్చిన ధైర్యం అది. అవతలివాళ్ళ ముఖాలు నాకూ కనపడవన్న సంగతి అప్పుడు తట్టలేదు.

భయం శాఖ

ఆఫీసరుగారి గురించి చెడ్డగా రాయను. నిజాయితీ ఉన్న మనిషి. అంతకుముందు బడిలో అయ్యవారుగా పనిచేశారు. ఆయనకు ఒక నమ్మకం ఉండేది. పిల్లలు రెండిటికే లొంగుతారు, దేవుడికి, భయానికి. దేవుడు మన శాఖలో లేడు కాబట్టి మనకు మిగిలింది భయమే అని తమిళంలో చెప్పి ఆయనే నవ్వేవారు. మా సినిమాలన్నీ ఆ నమ్మకం మీద తీసినవే. తాగినవాడు చస్తాడు, పొగతాగినవాడు చస్తాడు, చెడు స్నేహం చేసినవాడు అందరికంటే ఘోరంగా చస్తాడు. చచ్చేముందు అమ్మ ఏడుస్తుంది. చివర పిల్లలందరూ లేచి నిలబడి, చెయ్యి చాపి, చెడు జోలికి పోము, ఇంటికి మచ్చ తేము అని ప్రతిజ్ఞ చేయాలి.

ఒకసారి గుడియాత్తంలో బీడీ సినిమా వేశాం. ఆ బడిలో సగానికి సగం ఇళ్ళలో అమ్మలు బీడీలు చుట్టి పిల్లల్ని చదివిస్తున్నారు. సినిమా అయ్యాక ఒక అమ్మాయి లేచి, చాలా మర్యాదగా అడిగింది.

"అక్కా, బీడీ తాగేది తప్పు, సరే. చుట్టేది?"

క్లాసంతా నా వైపు తిరిగింది. ఆఫీసరుగారు ప్రతిజ్ఞ మొదలుపెట్టించి నన్ను కాపాడారు. ఆ రోజు డైరీలో ఆ ప్రశ్న రాసుకున్నాను, కానీ దాని అర్థం పట్టుకోలేదు. సినిమా తీసినవాళ్ళకు ఎదురుగా ఎవరు కూర్చుంటారో తెలియదు. తెలిసి మాట్లాడాల్సింది మనం. అప్పుడే పట్టుకుని ఉంటే తర్వాతది జరిగేది కాదు.

నేను కలిపిన మాట

ఎయిడ్స్ సినిమాలు బళ్ళకు రావడం మొదలైన రోజులు అవి. వీధుల్లోకి కేబుల్ టీవీ వచ్చేసింది, కూడళ్ళలో ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి. బెంగళూరులో ఎక్కడ చూసినా బిల్డింగులు లేస్తున్నాయి. మా వైపు నుంచి మేస్త్రీలు, సెంట్రింగు కొట్టేవాళ్ళు, సున్నం వేసేవాళ్ళు బస్సుల నిండా అక్కడికి పోతున్నారు.

సినిమా కథ తేలికే. మంచి కుర్రాడు పెద్ద ఊరికి పోతాడు, చెడ్డ స్నేహితులు ఎర్ర దీపం ఉన్న ఇంటికి తీసుకుపోతారు, రోగంతో తిరిగొస్తాడు, చస్తాడు. రోగం ఎలా వస్తుందో సినిమాలో సరిగా చెప్పనే లేదు. తప్పు చేసినవాడికి శిక్ష తప్పదని మాత్రం మూడుసార్లు చెప్పారు.

ఆఫీసరుగారు నాకొక సలహా ఇచ్చారు. మన ఊళ్ళ మాటలు కలుపు, ఎరువు వేసినట్టు పనిచేస్తుంది అన్నారు. నాకు ఆ మాట చాలా నచ్చింది. రాయడం నాకు ఇష్టమాయె. సినిమాలో పెద్ద ఊరు అని ఉన్నచోట నేను ఇలా రాసుకున్నాను: "మీ నాయనల మాదిరే ఇతను కూడా బెంగళూరుకు బిల్డింగు పనికి పోయినాడు." మొదట రెండు బళ్ళలో చెప్పాను. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. బాగా వచ్చింది అని డైరీలో రాసుకున్నాను.

మూడోది పరదరామి దారిలో ఒక బడి. ఊరి పేరు రాయను. పదో తరగతి పిల్లలు. కొత్తగా కట్టిన గది, ఆరు కిటికీలు. చీకటి చేయడానికి కన్నన్ అన్న గోనెసంచులు కడుతుంటే ఆఫీసరుగారు విసుక్కున్నారు, ఏ మేస్త్రి కట్టాడో గానీ గోడ కంటే కిటికీలే ఎక్కువున్నాయని. సినిమా మొదలవగానే అలవాటు ప్రకారం ఆయన హెడ్మాస్టరు గదికి కాఫీకి పోయారు.

బెంగళూరు మాట చెప్పగానే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నా గొప్పే అనుకున్నాను. చివర ఆఫీసరుగారు వచ్చి ప్రతిజ్ఞకు లేవమన్నారు. ఒక సంచి తొలగించి కాస్త వెలుతురు రానిచ్చారు. అందరూ లేచారు. మూడో వరుస చివర ఒక అమ్మాయి లేవలేదు. ఆయన నా వైపు చూశారు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మూడో వరస చివర కూర్చున్న పాపా, నువ్వూ లెయ్యాల."

లేచింది. చెయ్యి చాపలేదు.

"చెయ్యి కూడా" అన్నాను.

చాపింది. పెదవులు మాత్రం కదల్లేదు. ఇంకో బడికి ఆలస్యమవుతోందని, సంచులు విప్పకుండానే వ్యాను ఎక్కి వెళ్ళిపోయాం. ఎప్పుడూ అలాగే పోయేవాళ్ళం. తర్వాత పిల్లలే విప్పుకునేవాళ్ళు.

చీటీలు

సినిమా అయ్యాక పిల్లలు పేర్లు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాసి డబ్బాలో వేసేవాళ్ళు. ఆఫీసరుగారు మంచివి అనుకున్నవి రెండు మూడు ఏరుకుని మిగిలినవి పారేయమనేవారు. రాసిన కాగితం చదవకుండా పారేయడం నా వల్ల కాదు. సంచిలో వేసుకుని ఇంటికి పోయే బస్సులో చదివేదాన్ని.

ఆ రోజు చీటీలు కొన్ని తెలుగులో ఉన్నాయి, కొన్ని తమిళ అక్షరాల్లో రాసిన తెలుగులో. ఆరు చీటీల్లో ఒకే ప్రశ్న. ఒకదాంట్లో ఇలా ఉంది: "సుబ్రమణి మేస్త్రి బెంగళూరు నుంచి జబ్బుతో వచ్చినాడు. ఆయన కూతురు మా బెంచీలోనే కూర్చుంటాది. మాకు వస్తాదా?"

బస్సు గుడియాత్తం దాటకముందే నాకు అర్థమైంది, ఎవరిని లేపి నిలబెట్టానో. సినిమాలో లేని బెంగళూరును నేనే కలిపాను. ఆ పిల్ల మీద ఊరికి ఉన్న అనుమానానికి ప్రభుత్వ మైకులో సాక్ష్యం చెప్పి, పైగా ఆ పిల్ల చేతనే చెయ్యి చాపించాను.

నీళ్ళ గ్లాసు

ఆ పై వారం శనివారం సెలవు పెట్టి ఒంటరిగా బస్సెక్కాను. తెలియని ఊరికి ఒక్కదాన్నే పోవడం అదే మొదలు. బడి దాకా పోయి రెండుసార్లు వెనక్కి తిరిగాను. హెడ్మాస్టరు చెప్పారు, ఆ అమ్మాయి పేరు రేణుక, లెక్కల్లో క్లాసులో మొదటిది, పది రోజులుగా బడికి రావడం లేదు, పబ్లిక్ పరీక్ష ఇంకా రెండు నెలలే ఉంది. ఆమె బెంచీలో కూర్చునే పిల్లల తల్లులు వచ్చి తమ పిల్లల చోటు మార్పించారట. ఇల్లు చూపించడానికి ఇదివరకు అదే బెంచీలో కూర్చున్న కస్తూరి అనే అమ్మాయిని పంపారు. కస్తూరి వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను ఈడనే నిలబడుకుంటానక్కా. మాయమ్మ తిడతాది."

ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు కట్టినవాడి ఇల్లు సగం పూత పూయకుండా ఉంది. సుబ్రమణి మేస్త్రి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా లోపల మనిషి లేనంత చిక్కిపోయాడు. ఆయన జబ్బేమిటో ఇక్కడ రాయను. నాకు తర్వాత తెలిసింది, కానీ మీరు తెలుసుకోవాల్సిన పని లేదు. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ముందు ఆ సంగతి నేర్చుకోండి.

ఎవరమ్మా అని అడిగాడు. బొమ్మ చూపించే ఆఫీసు నుంచి అని చెప్పబోయి సగంలో ఆగిపోయాను.

"నువ్వేనా తల్లీ. మా పాప చెప్పింది, గొంతు బాగుండాదంట."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. నీళ్ళు తెమ్మని లోపలికి కేక వేశాడు. రేణుక వచ్చి, గ్లాసు నా చేతికివ్వకుండా పక్కన అరుగు మీద పెట్టి, తలుపు వెనక్కి పోయింది.

నీళ్ళ వల్ల రాదని, తాకితే రాదని, కలిసి తింటే రాదని నాకు కంఠతా వచ్చు. శిక్షణలో ఆ పాఠంలో నాకే మొదటి మార్కు. అయినా గ్లాసు వైపు పోయిన నా చెయ్యి ఒక రెప్పపాటు ఆగింది. ఆయన చూశాడు.

"బోరు నీళ్ళేనమ్మా" అన్నాడు, నేను సిగ్గుపడకుండా.

మొత్తం తాగాను. తర్వాత ముప్పై ఏళ్ళు, ఏ గదిలో మాట్లాడినా ఆ రెప్పపాటు గుర్తు తెచ్చుకునే మొదలుపెట్టాను. నాకే అంత భయం ఉంటే ఎదుటి పిల్లలకు ఎంత ఉంటుందో, దాని మీద మళ్ళీ భయం పోస్తే ఏమవుతుందో.

రేణుకను బడికి పంపమని అడిగాను. ఆయన కాసేపు దగ్గి తేరుకున్నాడు.

"పొమ్మంటే పోతాది. యాడ కూర్చుంటాది?"

ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడింది నేనే. మళ్ళీ వస్తాను, అదే గదిలో అదే పిల్లలకు చూపిస్తాను అన్నాను. మళ్ళా అదే బొమ్మనా అని అడిగాడు. బొమ్మ అదే, మాట వేరే అన్నాను. తలుపు వెనక నుంచి రేణుక గొంతు వినిపించింది.

"మళ్ళా నన్ను లెయ్యమంటావా అక్కా?"

"లేదు. ఎవర్నీ లెయ్యమనను."

మలుపు దగ్గర కస్తూరి ఇంకా నిలబడే ఉంది. వాళ్ళింట్లో నీళ్ళు తాగానని చెప్పాను. నన్ను పైనుంచి కింద దాకా చూసింది, ఏమైనా అయ్యానా అన్నట్టు.

మూడో వరుస

ఒకే బడికి రెండోసారి పోవడం మా ఆఫీసులో లేదు. పోయినసారి తెలుగు వ్యాఖ్యానంలో తప్పులున్నాయి, సరిచేసి మళ్ళీ చెప్పాలి సార్ అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన నా ముఖం చూసి, అంత పట్టుదల నీకెక్కడిది అన్నట్టు నవ్వి ఒప్పుకున్నారు. వారం రోజులు కూర్చుని ఏడు పేజీలు రాశాను. ఏ పేజీలోనూ శిక్ష లేదు, ఎర్ర దీపం లేదు. ఎలా వస్తుంది, ఎలా రాదు, ఎలా జాగ్రత్తపడాలి, వచ్చినవాళ్ళతో ఎలా ఉండాలి, అంతే. ఆయన సంతకం పెడుతుంటే పేజీలు నేనే తిప్పాను. తెలిస్తే ఉద్యోగం పోతుంది. పోతే మళ్ళీ మా ఇల్లు, నోరు లేని నేను. అయినా ఆ పేజీలు వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

మళ్ళీ ఆరు కిటికీలకు సంచులు కట్టారు. రేణుక వచ్చింది. మూడో వరుస చివర, బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. ఆఫీసరుగారు కాఫీకి పోయారు. కన్నన్ అన్న రీలు ఎక్కించి, సౌండు ఎంత పెట్టాలని అడిగాడు. వద్దన్నాను.

"మొత్తమామ్మా?"

"మొత్తం అన్నా."

హెడ్మాస్టరు గది వైపు ఒకసారి చూసి మీట పూర్తిగా తిప్పేశాడు. కన్నన్ అన్నకు తెలుగు బాగా వచ్చు. ఆ రోజూ, ఆ తర్వాతా ఒక్క మాట అడగలేదు. మైకు వైరు మాత్రం కట్ట విప్పి, యాడిదాకా కావాలో లాక్కోమ్మా అన్నాడు.

వైరు లాక్కుంటూ పోయి మూడో వరుసలో రేణుక పక్కన కూర్చున్నాను. ప్రొజెక్టరు వెలుగులో ఈసారి నా ముఖం పిల్లలకు కనపడుతోంది, వాళ్ళ ముఖాలు నాకు. తెర మీద కుర్రాడు రైలెక్కేదాకా నోట మాట రాలేదు.

"పోయినసారి నేనొక మాట చెప్పినా. మీ నాయనల మాదిరి అని, బెంగళూరు అని. అది బొమ్మలో లేదు. నేనే కలిపినా. తప్పు చేసినా."

తర్వాత పేజీలు చూడకుండానే చెప్పాను. డైరీలో కూడా రాయడానికి సిగ్గుపడిన మాటలు మైకులో చెప్పాను. మగపిల్లలు ముసిముసిగా నవ్వారు. నవ్వనిచ్చాను. నవ్వు అయ్యేదాకా ఆగి అదే మాట మళ్ళీ చెప్పాను, అది వాళ్ళ ప్రాణం కాపాడే మాట కాబట్టి. పక్కన కూర్చుంటే రాదు, ఒకే పళ్ళెంలో తింటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు అంటున్నప్పుడు వెనక వరుస నుంచి ఒక వెటకారపు గొంతు లేచింది.

"నువ్వు తాగుతావా అక్కా?"

నేను జవాబు చెప్పేలోపల కస్తూరి గొంతు వినపడింది.

"తాగింది రా. నేను చూసినా."

చూడలేదు. మలుపు దగ్గర నుంచి ఆ ఇల్లు కనపడదు. ఆ అబద్ధాన్ని నేను సరిదిద్దలేదు. చీకట్లో ఎవరో బెంచీలు దాటుకుంటూ వస్తున్న చప్పుడు. కస్తూరి వచ్చి నా పక్కన నిలబడింది.

"కొంచెం జరుగక్కా. ఇది నా చోటు."

లేచి ఆ చోటు ఇచ్చేశాను. మిగతాది నిలబడి చెప్పాను. రేణుక నా వైపు చూడలేదు. బెంచీ మీద కొంచెం లోపలికి జరిగి కూర్చుంది, అంతే.

ఆఫీసరుగారు వచ్చి ప్రతిజ్ఞ అయిందా అన్నారు. అయిపోయింది సార్ అన్నాను. పిల్లలంతా నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆలస్యమవుతోందని వ్యాను ఎక్కేశాం.

ఆ ఏడు పేజీలతోనే తర్వాత చాలా ఏళ్ళు నడిపాను, ఆ సినిమా రీలు అరిగిపోయేదాకా. కొత్తగా వచ్చే మీకు చెప్పేది ఒకటే. భయపడిన పిల్ల వినడం మానేస్తుంది. విన్నట్టు కనపడుతుంది, అదే ప్రమాదం. గది నిశ్శబ్దమైతే పొంగిపోకండి. ఎవరి వల్ల నిశ్శబ్దమైందో చూడండి. మీ ఊరి మాట కలిపేముందు అది ఆ గదిలో ఎవరికి తగులుతుందో విచారించండి. తప్పు మైకులో చెప్పి ఉంటే, దిద్దుబాటు కూడా మైకులోనే చెప్పండి. ఇంటికి పోయి చాటుగా చెప్పే క్షమాపణ మన మనసుకోసం, వాళ్ళకోసం కాదు.

పరీక్షలు అయ్యాక ఒకసారి ఆ ఊరికి పోయాను. రేణుక అన్ని పరీక్షలూ రాసింది. తర్వాత పాసైంది కూడా. ఆ రోజు నీళ్ళ గ్లాసు నా చేతికే ఇచ్చింది. ఆ రోజు తర్వాత సుబ్రమణి మేస్త్రిని మళ్ళీ చూడలేదు, ఫలితాలు రాకముందే పోయాడు. ఆ మధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. మాట్లాడితే ఆయాసం వస్తోందని నేనే లేచాను. వాకిలి దాటబోతుంటే పిలిచి, మంచం దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఆ రూము కట్టింది నేనేనమ్మా. పిల్లోళ్ళకు వెలుతురు బాగుండాలని ఆరు కిటికీలు పెట్టినా. ఈసారి బొమ్మ అయినంక ఆ గోనెసంచులు విప్పేసి పోండి."